బడి భయం ఉన్న చిన్నపిల్లలకి ఏ సంగీతం మంచిది: స్పీకరా, హెడ్‌ఫోన్సా, క్లాసా, ఇంట్లో వాళ్ళ గొంతా?

జూన్‌లో బళ్ళు తెరిచిన దగ్గర్నుంచి గేటు దగ్గర అమ్మలు నాన్నలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. మా వాడు పొద్దున్న లేవగానే కడుపునొప్పి అంటాడు మేడమ్, ఆదివారం మాత్రం రాదు. మా పాప స్కూల్ ఆటో హారన్ వినపడగానే బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటోంది. మ్యూజిక్ వినిపిస్తే తగ్గుతుందంటున్నారు కదా, హెడ్‌ఫోన్స్ కొనమంటారా, కీబోర్డ్ క్లాసులో వేసెయ్యమంటారా, యూట్యూబ్‌లో ఏదైనా పెట్టి వదిలెయ్యమంటారా. నేను ఇక్కడ విశాఖలో ఒకటి రెండు మూడు క్లాసుల పిల్లలకి చెప్తాను, డాక్టర్ని కాదు సంగీతం టీచర్ని కూడా కాదు, కానీ భయపడే పిల్లల్ని రోజూ చూస్తాను, దీని మీద దొరికింది చదువుతాను, అందుకని ఒక్కొక్కరికి గేటు దగ్గర నిలబడి అరకొరగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి మొదట ఎంచుకోవాల్సింది ఇంట్లో వాళ్ళు పిల్లలతో కలిసి పాడటం. రెండోది గదిలో చిన్న స్పీకర్. హెడ్‌ఫోన్స్ కొన్ని సందర్భాలకే. సంగీతం క్లాసు చాలా మంచిదే కానీ రేపు పొద్దున్న ఏడుపు ఆగడానికి అది మందు కాదు, దాని లెక్క వేరు. ఎందుకంటారా, అదే చెప్తా.

భయం వేసినప్పుడు పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కడుపు నిజంగానే తిప్పుతుంది, నాటకం కాదు, కడుపుకి మెదడుకి నరాల లంకె ఉంది. మనం ఊపిరి బయటికి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది. పాడేటప్పుడు ఏం చేస్తాం? గబుక్కున ఊపిరి పీల్చుకుని పాటలో ఒక్కో లైను మీద పొడుగ్గా వదులుతాం. అంటే పాడటంలోనే ఊపిరి కసరత్తు దానంతటదే అయిపోతుంది, ఏడేళ్ళ పిల్లాడికి "గట్టిగా ఊపిరి తీసుకో నాన్నా" అని చెప్తే భుజాలు పైకెత్తి ఇంకా బిగుసుకుపోతాడు గానీ పాడమంటే పాడేస్తాడు. వింటే కూడా కుదుటపడతారు కానీ ఈ ఊపిరి లాభం పాడినప్పుడే ఎక్కువ. పాడటానికి సిగ్గుపడే పిల్లలు ఉంటారు, వాళ్ళకి నోరు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మనడం నేర్పండి, పెద్దవాళ్ళు భ్రామరి ప్రాణాయామం అని చేస్తారే అదే, దాన్ని ఆటలా చెయ్యండి, ఎవరి తుమ్మెద ఎక్కువసేపు ఎగిరింది అని. పెదాల మీద జిలజిల వస్తుంది, అది వాళ్ళకి భలే ఇష్టం.

ఇంకోటి, కలిసి పాడితే ఇద్దరికీ పనిచేస్తుంది. 2013లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన 272 మంది పాపాయిల మీద ఒక పెద్ద పరిశోధన చేశారు, అమ్మానాన్నలకి నచ్చిన పాటని జోలపాటలా పాడినప్పుడు పిల్లలకి మేలు జరగడమే కాదు ఆ తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గిందని అందులో తేలింది. మన పిల్లలు అంత చిన్నవాళ్ళు కాదు, ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అంటించలేం, కానీ పొద్దున్న ఏడున్నరకి షూ లేసులు కడుతూ టిఫిన్ డబ్బా సర్దుతూ "టైమైపోతోంది" అని అరిచే మన గొంతు పిల్లల భయాన్ని ఎంత పెంచుతుందో రోజూ చూస్తున్నదే కదా, అదే గొంతు పాడుతుంటే అరవడం కుదరదు. గొంతు బాగుండక్కర్లేదు. అమ్మమ్మ నాయనమ్మ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది, వాళ్ళ దగ్గర మనకి రాని పాటలు కూడా ఉంటాయి.

ఇక్కడ ఒక్క మాట. మొజార్ట్ అనే పాశ్చాత్య సంగీతకారుడి సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుందని చాలామంది ఫోన్‌లో అదే పెట్టేస్తున్నారు. ఆ ప్రచారం అంతా 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన నుంచి మొదలైంది, అందులో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు, పసిపిల్లలు కాదు, ఒక రకం పజిల్స్‌లో కాసేపు మాత్రమే కొంచెం మెరుగ్గా చేశారు, అంతే. భయానికీ దానికీ సంబంధమే లేదు. మీ పిల్లకి మొజార్ట్ నచ్చితే పెట్టండి, నచ్చకపోతే డబ్బులు పెట్టి అలాంటి యాప్‌లు కొనకండి.

స్పీకర్ సంగతి. ఇంట్లో గదిలో మెల్లగా పాట వినపడుతుండటం పొద్దున్న పూటకీ నిద్రకీ బాగా పనికొస్తుంది. ఏం పెట్టాలి అంటే, పిల్లలకి తెలిసిన పాట, హఠాత్తుగా పెద్ద శబ్దాలు రానిది, నెమ్మదిగా నడిచేది. నిమిషానికి 60 నుంచి 80 దెబ్బలు ఉంటే నెమ్మది అని లెక్క, గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ తొడ మీద తాళం వెయ్యండి, సెకనుకి ఒకటో ఒకటింబావో పడితే చాలు. వీణ, వేణువు, వయొలిన్ ఏదైనా పర్లేదు. మనవాళ్ళు జోలకి నీలాంబరి రాగం అంటారు, ఆ రాగంలో వాయించినవి రాత్రికి బావుంటాయి. రోజూ అదే వరసలో అవే రెండు మూడు పాటలు పెట్టండి, పెద్దవాళ్ళకి విసుగొస్తుంది గానీ పిల్లలకి తర్వాత ఏమొస్తుందో తెలియడమే ధైర్యం, కొన్నాళ్ళకి మొదటి పాట మొదలవ్వగానే ఒళ్ళు దానంతటదే వదులవుతుంది.

ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి చేతికివ్వడం మాత్రం వద్దు. మధ్యలో యాడ్ ఒకటి ధడాలున అరుస్తుంది, తర్వాత ఏ వీడియో వస్తుందో మన చేతిలో ఉండదు, బొమ్మ చూస్తుంటే పిల్ల వినడం మానేస్తుంది. పాటలు డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ వేరే గదిలో పెట్టి బ్లూటూత్ స్పీకర్ మాత్రం పిల్లల దగ్గర పెట్టండి, ఖరీదైనది అక్కర్లేదు. పాత రేడియో ఉంటే అదీ మంచిదే కానీ భయం వేసిన టైముకి కావాల్సిన పాటే అందులో రాదు కదా, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు.

హెడ్‌ఫోన్స్ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా. పిల్లల చెవులకి వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, పెద్దవాళ్ళకి అది 80. మార్కెట్లో పిల్లల కోసం అని అమ్మేవాటిలో చాలా వాటికి 85 దగ్గర ఆగేలా పెడతారు, పెట్టె మీద చూసి కొనండి, ఏదైనా సరే ఫోన్ వాల్యూమ్ 60 శాతం లోపే ఉంచండి. అసలు చిక్కు ఎక్కడంటే స్కూల్ ఆటోలో బస్సులో. గాజువాక నుంచో మధురవాడ నుంచో హైవే మీద లారీల మధ్య వస్తుంటే బయట మోతకి పిల్లలు వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, అదీగాక పక్కన ఎవరు పిలిచినా ఏం జరిగినా వినపడదు. ఆటోలో భయపడే పిల్లకి హెడ్‌ఫోన్స్ బదులు ఒక పక్క సీటు స్నేహితురాలిని చూసి పెట్టి ఇద్దరికీ ఒక చప్పట్ల పాట నేర్పితే అది ఎన్నో రెట్లు మేలు.

మరి హెడ్‌ఫోన్స్ ఎవరికి? చుట్టూ మోత ఎక్కువైతే తట్టుకోలేని పిల్లలకి, బ్లడ్ టెస్ట్ కోసమో పళ్ళ డాక్టర్ దగ్గరో కాసేపు కూర్చోవాల్సినప్పుడు, ఇంట్లో తమ్ముడు పడుకుని ఉన్నప్పుడు. ఆస్పత్రి విషయంలో సంగీతానికి మంచి ఆధారాలే ఉన్నాయి, ఆపరేషన్‌కి ముందు సంగీతం విన్న పెద్దవాళ్ళలో ఆందోళన తగ్గుతోందని 2013లో కాక్రేన్ సమీక్ష, అంటే ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్ష, చెప్పింది. బడి భయం మీద అంత గట్టి ఆధారాలు లేవు, అందుకే నేను కూడా ఇది పెడితే ఖచ్చితంగా పోతుందని ఎవరికీ చెప్పను.

ఇప్పుడు ఏ టైముకి ఏది అనే సంగతి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే, కాళ్ళు నేలకేసి కొడుతుంటే, మనం వెళ్ళి మెత్తని వీణ పెడతాం, పని చెయ్యదు, ఇంకా చిరాకు పడుతుంది. ముందు పిల్ల ఉన్న వేగానికి మనం వెళ్ళాలి, తర్వాత మెల్లగా కిందికి దింపాలి. మ్యూజిక్ థెరపీ వాళ్ళు 1940ల నుంచి వాడుతున్న సూత్రం ఇది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది, మొదట్లో నేర్పే స్వరాల వరసలు, అదే సరళీ స్వరాలు, మూడు కాలాల్లో అంటే మూడు వేగాల్లో పాడతారు కదా, క్లాసులో నెమ్మదిగా ఉండే మొదటి కాలం నుంచి వేగంగా ఉండే మూడుకి ఎక్కుతారు, ఏడుస్తున్న పిల్లతో మూడో కాలంలో మొదలుపెట్టి మొదటికి దిగాలి. సంగీతం రాకపోతే చప్పట్లతో చెయ్యండి, నేను క్లాసులో చేసేది అదే: వేగంగా గట్టిగా చప్పట్లు, పిల్లలంతా బల్లల మీద దరువు, తర్వాత కొంచెం నెమ్మది, తర్వాత రెండు వేళ్ళతో, తర్వాత ఒక వేలితో, ఆఖరికి చప్పుడు రాకుండా. రెండు మూడు నిమిషాల పని. లంచ్ బెల్ తర్వాత గ్రౌండ్ నుంచి పరిగెత్తుకొచ్చిన క్లాసు మొత్తం దీనితోనే దారిలోకి వస్తుంది.

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల ముందు రోజు రాత్రి భయం వేరే రకం, అది గుసగుసలాడే భయం, పిల్ల ఏడవదు, పెన్సిల్ బాక్స్ నాలుగుసార్లు సర్దుతుంది, గోళ్ళు కొరుకుతుంది, నీళ్ళు తాగుతానని లేస్తుంది. దానికి పక్కన పడుకుని మెల్లగా హమ్ చెయ్యడం కంటే మంచిది నాకు తెలీదు. చదువుకునేటప్పుడు మాత్రం మాటలున్న పాటలు పెట్టకండి, పాటలో మాటలూ పుస్తకంలో మాటలూ ఒకదానికొకటి అడ్డొస్తాయి, చదివింది ఎక్కదు, ఎక్కకపోతే మళ్ళీ భయం. వాయిద్యం ఒక్కటే అయితే కొందరికి పర్లేదు, కొందరికి అది కూడా వద్దు, పిల్లనే అడగండి.

చాలామంది బీచ్ రోడ్డు దగ్గర్లో ఉన్నవాళ్ళు సముద్రం శబ్దం రికార్డింగ్ పెడతాం మంచిదేనా అని అడుగుతారు. మంచిదే, ఒకే తీరున వచ్చి పోయే శబ్దం నిద్రకి సాయం చేస్తుంది. కానీ రికార్డింగ్ ఎందుకండీ, విశాఖలో ఉండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో రద్దీ తక్కువ ఉన్న వైపు ఇసుకలో కూర్చోబెట్టి, కెరటం వచ్చేటప్పుడు ఊపిరి పీల్చడం, వెనక్కి వెళ్ళేటప్పుడు "ఊఁ" అంటూ వదలడం ఆడించండి. కొందరు పిల్లలకి కెరటాల హోరే భయం, వాళ్ళని మాత్రం బలవంతపెట్టకండి.

క్లాసు సంగతికి వద్దాం, ఇక్కడ డబ్బు, టైము, పిల్ల ఉత్సాహం మూడూ పోయే అవకాశం ఉంది కాబట్టి జాగ్రత్తగా ఎంచుకోవాలి. సంగీతం నేర్చుకోవడం వల్ల వచ్చే ధైర్యం నెలల మీద వస్తుంది, నాకు ఒకటి వచ్చు అనే ధైర్యం అది. కానీ భయపడే పిల్లని తీసుకెళ్ళి ఇంకో పరీక్ష, ఇంకో స్టేజి, ఇంకో తిట్టు ఉన్న చోట పడేస్తే ఉన్న భయం రెట్టింపవుతుంది. ట్యూషన్ అయ్యాక సాయంత్రం ఏడింటికి ఆకలితో నిద్రతో కీబోర్డ్ ముందు కూర్చునే పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు, పొద్దున్న వాళ్ళ మొహాలు చూస్తే నాకు బాధేస్తుంది.

గాత్రం, అంటే కర్ణాటక సంగీతం పాడటం, నా దృష్టిలో భయపడే పిల్లలకి మొదటి వరసలో ఉంటుంది. వాయిద్యం కొనక్కర్లేదు, వెనక శ్రుతి ఎప్పుడూ మోగుతూ ఉంటుంది, సరళీ స్వరాలు ఒక వరసలో పైకెళ్ళి కిందికొస్తాయి, తర్వాత ఏమొస్తుందో పిల్లకి తెలుసు, పదిమందితో కలిసి పాడుతుంది కాబట్టి తన తప్పు విడిగా వినపడదు. గురువుగారు ఎలాంటివారో అదే ముఖ్యం. తొందరపెట్టి మూడో కాలంలోకి నెట్టేవారైతే, తప్పుపాడిన పిల్లని లేపి ఒక్కదాన్నే పాడించేవారైతే ఎంత పెద్ద విద్వాంసులైనా ఇప్పటికి వద్దు.

వయొలిన్ నేర్పిద్దామని మన వైపు చాలామందికి కోరిక. సహజమే, పక్కనే విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, ఇళ్ళల్లో ఆ పేరు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. కానీ వీణకి ఉన్నట్టు వయొలిన్‌కి మెట్లు ఉండవు, స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి, మొదటి నెలల్లో కిర్రుమంటుంది. తప్పు చేస్తానేమో అనే భయంతో నలిగిపోయే పిల్లకి ఆ కిర్రు ప్రతి నిమిషం ఒక తిట్టులా వినపడుతుంది. రెండేళ్ళు ఆగి వెయ్యండి. అదే గొడవలు పడి బుంగమూతి పెట్టి ఒళ్ళంతా బిగించుకునే పిల్లలకి మృదంగమో తబలానో డ్రమ్సో బావుంటాయి, లోపలి కోపం చేతుల్లోంచి బయటికి పోతుంది. కీబోర్డ్ సులువు, నొక్కితే సరైన స్వరమే వస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించే సౌకర్యం ఉంది కాబట్టి అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇబ్బంది లేదు, కానీ పిల్ల ఒంటరిగా వాయిస్తుంది, ఊపిరి లాభం ఉండదు. ఉకులెలే అంటే చిన్న గిటార్ లాంటిది, నాలుగు నైలాన్ తీగలు, చిన్న చేతులకి సరిపోతుంది, వాయిస్తూ పాడొచ్చు, నాకు అది నచ్చుతుంది. పిల్లనగ్రోవికి ఏడేళ్ళ పిల్లల వేళ్ళు రంధ్రాలకి అందడం కష్టం.

ఫీజు కట్టేముందు ఒక పని చెయ్యండి. పిఠాపురం కాలనీలో కళాభారతిలో కచేరీలు జరుగుతుంటాయి కదా, పిల్లని తీసుకెళ్ళి వెనక వరసలో తలుపు దగ్గర కూర్చోండి, అరగంట చాలు, లేచి వెళ్ళిపోదాం అంటే వెళ్ళిపోండి. ఏ వాయిద్యం వైపు చూస్తోందో మీకే తెలుస్తుంది. తర్వాత క్లాసు వాళ్ళని ఒకరోజు ఊరికే కూర్చోనిమ్మని అడగండి, మొదటి ఏడాది స్టేజి మీద పాడించరు కదా, గ్రేడ్ పరీక్ష తప్పనిసరా, నేను గదిలో కూర్చోవచ్చా, ఈ మూడు అడగండి. మూడోదానికి మొహం చిట్లించే చోట చిన్నపిల్లల్ని వెయ్యొద్దనే చెప్తాను.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి పనికొచ్చేది బడిలో గుంపుగా చేసే పాట, ఆట. 2010లో జర్మనీలో లైప్‌జిగ్‌లో నాలుగేళ్ళ పిల్లల్ని ఇద్దరిద్దరుగా పెట్టి కొందరితో కలిసి పాడించి ఆడించారు, కొందరితో పాట లేకుండా అదే ఆట ఆడించారు, పాడిన పిల్లలు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకున్నారు. చిన్నపిల్లల బడి భయంలో సగం నాకిక్కడ ఎవరూ లేరు అనేదే కాబట్టి ఇది నాకు చాలా పెద్ద మాట. అరకు వైపు గిరిజనుల థింసా నాట్యం చూసే ఉంటారు, చేతులు కలుపుకుని వరసగా గుండ్రంగా ఒకే అడుగు వేస్తారు, అందులో ఎవరూ విడిగా కనపడరు, ఎవరూ ఒంటరిగా లేరు. కోలాటం కూడా అంతే. యాన్యువల్ డే కోసం స్టెప్పులు తప్పితే తిట్టే డాన్స్ కాదు నేను చెప్పేది, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో చూసేవాళ్ళెవరూ లేకుండా ఆడే ఆట. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి పది ప్రశ్నలు అడుగుతారు కదా, ఇదొకటి అడగండి, పేరెంట్స్ అడిగితే బడులు చేస్తాయి, మేము టీచర్లం అడిగితే సిలబస్ అవ్వలేదంటారు.

ఏ శబ్దమైనా వినపడితే చెవులు మూసుకునే పిల్లలు, మిక్సీకి, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి, బడి బెల్‌కి కూడా బెదిరే పిల్లలు ఉంటారు. వాళ్ళ మీద ఇవేవీ ప్రయోగించకండి, వాళ్ళకి కావాల్సింది నిశ్శబ్దం కావొచ్చు, ముందు చెవులు చూపించి తర్వాత పిల్లల డాక్టర్ని కలవండి.

అలాగే రెండు మూడు వారాలైనా రోజూ బడికి వెళ్ళనని మొండికేస్తుంటే, నిద్ర తిండి తగ్గిపోతుంటే, ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెలల తరబడి నోరే విప్పకపోతే, లేదా బడిలో ఎవరో కొట్టారనో ముట్టుకున్నారనో అనుమానం ఉంటే పాటలతో కాలయాపన చెయ్యకండి. ముందు కారణం తెలుసుకోవాలి, కారణం అక్కడే ఉండగా పాటతో కప్పెయ్యడం పిల్లకి అన్యాయం. పిల్లలకి ఆపద అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. సలహాకి 14416 టెలీ మానస్, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) సైకియాట్రీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది, ఆ పేరు వినగానే చుట్టాలు ఏమనుకుంటారో అని ఆగిపోకండి, పిల్లకి జ్వరం వస్తే ఆగం కదా. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: భయం ఏ టైముకి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, సెలవు రోజుల్లో ఉంటుందా, ఏ పాటకి ఎవరి గొంతుకి కుదుటపడుతుంది. ఆఖరిది డాక్టర్ గారు అడక్కపోయినా మీరే చెప్పండి, పిల్లతో మాట కలపడానికి వాళ్ళకి అదే పనికొస్తుంది.